తొట్టిలో బొమ్మిడాయి చుట్టం పస్తులుంటే

శనివారం సాయంత్రం కర్నూలులో ఒక అక్వేరియం షాపు నుంచి, గాలి నింపి రబ్బరు బ్యాండు బిగించిన కవర్లో పాములా సన్నగా పొడవుగా ఉండే ఈల్ చేప ఒకటి ఇంటికొస్తుంది. జానెడు పొడవు, గోధుమరంగు ఒళ్లు, దాని మీద తడి మట్టిలో బండి టైరు పోయినట్టు గీతలు, ముందు చిన్న తొండంలాంటి ముక్కు. ట్యాంకులో వదలగానే ఒక్క చుట్టు తిరిగి, మూలనున్న బొమ్మ కోట వెనక దూరి, కనపడకుండా పోతుంది. ఆదివారం రంగు గుళికలు వేస్తారు, వాటిని గోల్డ్‌ఫిష్ తింటుంది. సోమవారం ఇంకొంచెం ఎక్కువ వేస్తారు, అదీ గోల్డ్‌ఫిష్షే తింటుంది. బుధవారానికి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, షాపుకు ఫోన్ పోతుంది. "ఏం తింటా లేదన్నా." అవతలి నుంచి జవాబు: "అలవాటైతాది లే అన్నా, ఎర్రలు ఏసి చూడు."

ఆ జవాబులో సగం నిజముంది. వానపాములు వేయమన్నది మంచి మాటే. కానీ తొట్టిలో ఈల్ తినకపోతే ప్రతివాళ్లూ మొదట అడిగేది "ఏం పెట్టాలి" అని, ఆ ప్రశ్న నిజానికి నాలుగోదో ఐదోదో కావాలి. అది ఎక్కడ దాక్కుంటోంది, పక్కన ఎవరున్నారు, నీళ్లు ఎలా ఉన్నాయి, ఏ వేళకు వేస్తున్నారు అనేవి తేలకముందు బంగారు పళ్లెంలో వానపాము పెట్టినా అది బయటికి రాదు.

ముందు ఇది ఏ చేపో చూద్దాం. రాయలసీమ షాపుల్లో ఈల్ పేరుతో ఎక్కువగా దొరికేది స్పైనీ ఈల్. పేరులో ఈల్ ఉన్నా అసలు ఈల్ జాతి కాదు, వంశం వేరు. మన తెలుగువాళ్లకు ఇది పరాయి చేప కానే కాదు, బొమ్మిడాయిల పులుసు తిన్నవాళ్లకు బాగా తెలిసినదే. టైరు గీతలున్న రకం, శాస్త్రవేత్తలు మాస్టసెంబెలస్ ఆర్మేటస్ అనేది, మన ముడిబొమ్మిడాయి. తుంగభద్రలో, కృష్ణలో వలకు పడే చేప. పీకాక్ ఈల్, ఎర్ర చారల ఫైర్ ఈల్ ఆగ్నేయాసియా నుంచి వచ్చిన దాని దాయాదులు. వీటిని ఫారాల్లో పెంచడం తక్కువ, షాపులకొచ్చేవాటిలో ఎక్కువ భాగం నదుల్లో, కాలువల్లో పట్టినవే. అంటే గుళికలనేవి ఆహారమని దానికి ఎవరూ చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి బురదలో పురుగులు, చిన్న రొయ్యలు ఏరుకు తిన్న ప్రాణికి, పైన తేలే ఎర్రటి ఉండ ఒక ప్లాస్టిక్ పూసతో సమానం.

దాని ముఖం ఒక్కసారి దగ్గరగా చూస్తే మిగతా కథంతా అర్థమవుతుంది. కళ్లు చిన్నవి, వాటి మీద అది పెద్దగా ఆధారపడదు. ముక్కు చివర కండగల చిన్న తొండం, దానికి అటొకటి ఇటొకటి సన్నటి గొట్టాల్లాంటి ముక్కురంధ్రాలు. ఆ తొండాన్ని ఇసుకలో పొడుస్తూ, ఊపుతూ, వాసన పట్టుకుంటూ పోతుంది. దాని వెనక, కిందివైపు నోరు, ఒంటి పొడవుతో పోలిస్తే మరీ చిన్నది. అడుగు పొడవున్న ఈల్‌కు కూడా అగ్గిపుల్ల తలకంటే కాస్త పెద్ద ముక్కే సుఖం. లావుపాటి రొయ్యను రెండు ముక్కలు చేసి వేసి "తినలేదు" అనుకునేవాళ్లు చాలామంది. అది వాసన చూసే ఉంటుంది, నోట్లో పట్టలేదు అంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ఫ్రెష్‌వాటర్ మోరే" అని ఒక చేప అమ్ముతుంటారు, బూడిదరంగు మీద పసుపు చుక్కలు, చూడటానికి గంభీరంగా ఉంటుంది. అది మంచినీటి చేప కాదు, నది సముద్రంలో కలిసేచోట సగం ఉప్పు నీళ్లలో బతికే మోరే, అంటే అసలు ఈల్స్‌లో ఒక రకం. మంచినీళ్లలో కొన్ని వారాలో నెలలో నెట్టుకొచ్చి, తర్వాత మేత మానేస్తుంది. దానికి వానపాము వేసినా, రొయ్య వేసినా లాభం లేదు, కావలసింది ఉప్పు. గుర్తుపట్టడం సులువే: మోరేకు చెవుల దగ్గర ఉండాల్సిన రెండు రెక్కలు ఉండవు, మొప్ప ఒక చిన్న గుండ్రటి రంధ్రంలా కనిపిస్తుంది. స్పైనీ ఈల్‌కు ఆ రెండు చిన్న రెక్కలూ ఉంటాయి, ముక్కు మొనదేలి ఉంటుంది. కొనేముందు ఈ ఒక్కటి చూసుకుంటే సగం దుఃఖం తప్పుతుంది.

ఇంటికి చేరేసరికి ఆ చేప ఎంత దూరం వచ్చిందో కూడా లెక్కేయాలి. సీమ ఊళ్లకు పెద్ద మార్కెట్లు దూరం. కర్నూలుకు దగ్గర హైదరాబాద్, అనంతపురానికి బెంగళూరు, కడపకు చెన్నై, ఏదైనా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ప్రయాణంలో చేప మలం వేస్తే కవర్లో నీళ్లు పాడవుతాయని, ఎక్కించే ముందు ఒకటి రెండు రోజులు మేత ఆపేస్తారు. ఇది మోసం కాదు, సరైన పద్ధతే. కానీ నది నుంచి పట్టినవాడి తొట్టి, హోల్‌సేల్ వాడి తొట్టి, ఊరి షాపు తొట్టి, మన తొట్టి, ఇన్ని చోట్ల మారి, ప్రతిచోటా రెండు రోజులు పస్తుంటే, మన దగ్గరికొచ్చేసరికి అది ఎన్ని రోజుల ఆకలితో ఉందో మనకు తెలియదు. ఆకలితో ఉంది కదా వెంటనే తినాలి కదా అనిపిస్తుంది. జంతువుకు భయం ముందు, ఆకలి తర్వాత. అది ఇంకా భయంలోనే ఉంది.

కాబట్టి మొదటి పని ఇల్లు. స్పైనీ ఈల్‌కు ఇల్లంటే ఒంటికి అన్నివైపులా ఏదో ఒకటి తగులుతూ ఉండే చోటు. అందమైన పెద్ద గుహ కంటే, బోరు మోటారు సామాన్ల షాపులో మిగిలిపోయిన ముక్క పీవీసీ పైపు మేలు, ముప్పావు ఇంచో ఇంచో, ఒళ్లు పట్టీపట్టనట్టు ఉండాలి. కోసిన అంచుల్ని గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే అక్కడే ఒళ్లు చీరుకుంటుంది. రెండు మూడు ముక్కలు వేర్వేరు మూలల్లో పెడితే తనకు నచ్చినది ఎంచుకుంటుంది. ఇంకా మంచిది ఇసుక. బొమ్మిడాయి జాతి ఇసుకలో పూడుకుని ముక్కు మాత్రం బయట పెట్టుకుని కూర్చోవడానికే పుట్టింది. నది ఇసుకను జల్లెడ పట్టి, బకెట్లో నీళ్లు తేటగా వచ్చేదాకా పది పదిహేనుసార్లు కడిగి, మూడు నాలుగు అంగుళాల మందం పరిస్తే చాలు. షాపులో దొరికే పదునైన రంగు గులకరాళ్లు మాత్రం వద్దు. దూరబోయి ఒళ్లు గీరుకుంటుంది, ఆ గీతల్లో పుండు పడుతుంది. బొమ్మిడాయిలు వండేవాళ్లు బూడిద వేసి, రాళ్లుప్పు వేసి ఎంతసేపు రుద్దితే ఆ జిగురు పోతుందో గుర్తు తెచ్చుకోండి. పొలుసులు కనపడీ కనపడనంత చిన్నవైన ఆ ఒంటికి ఆ జిగురే కవచం. వలతో పట్టి లాగినప్పుడు, గరుకు రాళ్లలో వదిలినప్పుడు మనం చేసేది ఆ బూడిద రుద్దుడే.

సీమలో ఇంకో సంగతుంది. గుహ కట్టడానికి చేతికందే రాయి కడప బండో బేతంచెర్ల బండో అవుతుంది, ఏ ఇంటి వెనక చూసినా నాలుగు ముక్కలు పడి ఉంటాయి. రెండూ సున్నపురాళ్లే. ఒకట్రెండు ముక్కలతో కొంపలేమీ మునగవు, నీళ్లలో ఖనిజాలు చేరి గట్టిదనం కాస్త పెరుగుతుంది, బొమ్మిడాయి అంతమాత్రానికి చచ్చేది కాదు. కానీ పగిలిన అంచు కత్తిలా ఉంటుంది, దాన్ని అరగదీయాలి. బండను ఇసుక మీద పెట్టకూడదు, ట్యాంకు అడుగున ఆనించి తర్వాత ఇసుక పోయాలి. లేదంటే ఈల్ కింద తవ్వుతుంది, బండ దాని మీదే కూలుతుంది.

తర్వాత పక్కింటివాళ్లు. గోల్డ్‌ఫిష్, టైగర్ బార్బ్, ఏంజెల్, ఇవన్నీ పగటి చేపలు, మూత తీసిన చప్పుడుకే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఈల్ వాసన పట్టి, ఆలోచించి, పైపులోంచి తల బయటపెట్టేసరికి నేల మీద మెతుకు మిగలదు. పెళ్లి భోజనాల్లో మొదటి బంతికి ఎగబడేవాళ్ల మధ్య మొహమాటస్తుడి పరిస్థితి. ఫ్లవర్‌హార్న్ లాంటి పోకిరి చేప ఉన్న ట్యాంకులోనైతే తల బయటపెట్టడం కూడా ప్రమాదమే, తోక కొరికేస్తుంది. కుదిరితే మొదటి రెండు మూడు వారాలు ఈల్‌ను ఒక్కదాన్నే వేరే చిన్న ట్యాంకులో ఉంచడం అన్నిటికంటే తేలిక. అది తినడం నేర్చుకున్నదీ లేనిదీ కంటికి కనపడుతుంది, వేసినదంతా దానికే దక్కుతుంది, ఏదైనా జబ్బు తెచ్చుకునుంటే మిగతావాటికి అంటదు.

ఇక నీళ్లు. కర్నూలు కుళాయికి వచ్చే తుంగభద్ర నీళ్లకూ, అనంతపురం శివార్లలో బోరు నీళ్లకూ మధ్య తేడా నాలుక మీద పెట్టుకుంటేనే తెలుస్తుంది. బకెట్ అంచున తెల్లటి చార కట్టే నీళ్లలో ఉప్పులు, ఖనిజాలు ఎక్కువ. షాపు నీళ్లు ఒకరకం, మన నీళ్లు ఇంకోరకం అయితే, కవరు అలా గుమ్మరించడం చేపకు దెబ్బ. మెడికల్ షాపులో సెలైన్ సెట్ ఒకటి కొని, దాని చక్రం తిప్పి చుక్కచుక్కగా మన ట్యాంకు నీళ్లు చేప ఉన్న బకెట్లోకి గంటా గంటన్నర దిగనిస్తే ఒళ్లు సర్దుకుంటుంది. చేప మంచిదే తాగాలని ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లతో ట్యాంకు నింపేవాళ్లూ ఉన్నారు. పాపం మంచి ఉద్దేశమే, కానీ ఆర్వో నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు, వాటిలో నీళ్ల గుణం స్థిరంగా నిలవదు. బోరు నీళ్లు మరీ గట్టివైతే సగం సగం కలుపుకోవచ్చు.

అసలు ప్రమాదం కంటికి కనపడని అమ్మోనియా. ట్యాంకూ చేపా ఒకే రోజు కొన్న ఇళ్లలో ఇది తప్పదు, ఎందుకంటే చేప మలం, మిగిలిన మేత కుళ్లితే వచ్చే అమ్మోనియాను అరాయించుకునే బ్యాక్టీరియా ఫిల్టర్లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా అమ్మోనియా పేరుకుంటుంది. మన గట్టి నీళ్లకు సాధారణంగా పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపే అంకె, ఎక్కువ. అందుకే వాటిలో దాని విషం ఇంకా ఎక్కువ, అది లెక్క ప్రకారం ఉన్న మాట: 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషంగా ఉండే భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే నూటికి ఏడెనిమిది వంతులు. దాదాపు పదింతలు. మొప్పలు మండుతున్న చేపకు ఆకలెక్కడిది? ఈల్ తినలేదని మేత వేస్తారు, ఆ మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది, అమ్మోనియాతో ఈల్ ఇంకా తినదు, అందుకని ఇంకా రుచికరమైన మేత, అంటే ఇంకా తొందరగా కుళ్లేది, వేస్తారు. చాలా ఈల్స్ ఆకలితో చావవు, తినిపించాలన్న ఆత్రంతో చస్తాయి. ఒక చిన్న అమ్మోనియా టెస్ట్ కిట్ కొంటే ఈ చక్రం ఎక్కడుందో తెలిసిపోతుంది, అది చూపాల్సింది సున్నా.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడపల్లో పాదరసం 42 దాటడం వింతేమీ కాదు. ఈ చేపలకు 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు హాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల పైన పట్టేది 35 డిగ్రీలకు ఏడుకు పడిపోతుంది. అటు చేప ఒంటికేమో వేడిలో ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. తినడం, అరిగించుకోవడం కూడా ఆక్సిజన్ ఖర్చే, కాబట్టి తినడం మానేస్తుంది. ట్యాంకు మూత స్థానంలో సన్నటి జాలీ పెట్టి, నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఇంట్లో కూలర్ పనిచేసే సూత్రమే, మన పొడి గాలికి బాగా పనిచేస్తుంది. ఇంకొకటి, మధ్యాహ్నం మూడింటికి మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు పట్టి చేపల తొట్టి నీళ్లు మార్చకూడదు. ఆ వేళకు ఆ నీళ్లలో చెయ్యి పెట్టలేం, చేపనెలా పెడతాం? తెల్లవారుజామున పట్టుకుంటే సరి. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన తగిలితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. చలికాలం అనంతపురంలో రాత్రిళ్లు ట్యాంకు నీళ్లు 20 డిగ్రీల కిందికి పోతే అప్పుడూ ఆకలి మందగిస్తుంది, ఒక హీటరుతో అది తీరిపోతుంది.

ఇవన్నీ దారిలో పడ్డాక, ఏం పెట్టాలి అనే మాటకొద్దాం. మొదటి ముద్ద బతికున్న వానపామే. మెలికలు తిరుగుతుంది, వాసనుంటుంది, ఆ చేప చిన్నప్పటి నుంచి తిన్న బురద పురుగుల్లాంటిదే. అయితే వానపాము పేరులోనే వానుంది, ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూఇటూగా మాత్రమే కురిసే అనంతపురంలో మే నెలలో పలుగుతో తవ్వినా ఒకటి దొరకదు. తడి ఆరని చోట్లు వెతకాలి: అరటి పాదులు, పేడదిబ్బ అడుగు, కేసీ కాలువ గట్టు నీడ, పెరట్లో గిన్నెలు కడిగిన నీళ్లు పారే మూల. పురుగుమందు కొట్టిన చేను దగ్గర మాత్రం తవ్వొద్దు. తెచ్చినవాటిని కడిగి, తడిపిన గోనెగుడ్డలో ఒక రాత్రి ఉంచితే కడుపులో మట్టి వదిలేస్తాయి.

వర్మీకంపోస్టు తొట్టెల్లో వానపాములు ఏడాదంతా దొరుకుతాయి కదా అనిపిస్తుంది. అక్కడే చాలామంది బోల్తా పడతారు. మన దగ్గర ఆ తొట్టెల్లో ఎక్కువగా పెంచేవి రెండు రకాలు. ఐసీనియా ఫెటిడా అనే చారల ఎర్ర రకాన్ని కదిపితే పసుపుపచ్చటి ద్రవం వదులుతుంది, ఘాటు వాసన, చాలా చేపలు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. ఒకసారి ఉమ్మేసిన ఈల్ మళ్లీ వానపాము దగ్గరికి రావడానికి జంకుతుంది. రెండోది యూడ్రిలస్, కాస్త పెద్దది, ఊదా మెరుపుతో ఉంటుంది, దాంతో ఆ గొడవ లేదు. ఏది ఏదో తెలియకపోతే అరచేతిలో వేసుకుని వేలితో కదపండి, పసుపు తడి వస్తే అది మొక్కలకే.

వానపాము దొరకని రోజుల్లో ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ (దోమలాంటి పురుగుల ఎర్రటి పిల్లలు) గడ్డలు ఉన్నాయి, ఒక గడ్డను చిన్న గిన్నెలో ట్యాంకు నీళ్లతో కరిగించి వాడొచ్చు. కాకపోతే దారిలో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినవి పనికిరావు, ప్యాకెట్ ఒక ముద్దలా వంకరపోయి ఉంటే కొనకపోవడమే మంచిది. చిన్న మంచినీటి రొయ్యపిల్లల్ని బతికున్నవి వదిలితే రాత్రంతా వేటాడుకుంటుంది. మార్కెట్‌లో రొయ్యలు మనకు కోస్తా నుంచి ఐసులో వస్తాయి, బాగా కడిగి, పొట్టు తీసి, సన్నగా తురిమినట్టు కోయాలి. బతికున్న ట్యూబిఫెక్స్ అనే సన్నటి ఎర్ర పురుగు మురికి కాలువల నుంచి వస్తుంది కాబట్టి జబ్బులు వెంట తెస్తుంది. ఎండు ట్యూబిఫెక్స్ గడ్డను అద్దానికి అంటిస్తే గప్పీలు సంబరపడతాయి, అడుగున ఉండే ఈల్‌కు దాని ఊసే ఉండదు. కోడి కార్జం, చికెన్ ముక్కలు వేయడం మన ఊళ్లలో బాగా అలవాటు. ఆ కొవ్వు చేపకు సరిగా అరగదు, నీళ్లు తొందరగా పాడవుతాయి.

పెట్టే పద్ధతి ఇలా ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి ట్యాంకు లైటు ఆపేస్తారు, హాల్లో టీవీ వెలుతురు తప్ప ఇంకేమీ లేదు. పగటి చేపలు ఉంటే వాటికి సాయంత్రమే కడుపునిండా వేసి ఉంచారు, ఇప్పుడవి మూలన మగతగా ఉన్నాయి. పదింటికి ఫిల్టర్ ఆపుతారు, గాలి పంపు మాత్రం నడుస్తుంది. ఎయిర్ ట్యూబ్ రెండడుగుల ముక్కకు పైన సూది తీసేసిన సిరంజి తగిలించి, అందులో కరిగించిన బ్లడ్‌వార్మ్ పీల్చి, ట్యూబ్ చివరను ఈల్ ఉండే పైపు నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఆనించి, మెల్లగా ఒక్క చుక్క వదులుతారు. ఎర్రటి దారాలు రెండు మూడు ఇసుక మీద వాలతాయి. ఒక నిమిషం ఏమీ ఉండదు. తర్వాత పైపు అంచున తొండం కదులుతుంది, ఎడమకు, కుడికి, కాసేపు ఆగి, మళ్లీ ఎడమకు. మెడ దాకా బయటికొస్తుంది. గోడ మీద బల్లి అరిచినా ఈల్ లోపలికి పోతుందేమో అన్నంత భయంగా ఉంటుంది చూసేవాళ్లకు. ఒక దారాన్ని తొండంతో తాకి, దాని మీదుగా దాటి పోయి, వెనక్కొచ్చి, చటుక్కున పీల్చేస్తుంది. సేమియా పోగును పిల్లలు పీల్చినట్టు. అంతే, మళ్లీ లోపలికి. ఆ రాత్రికి అది చాలు. రెండో చుక్క వేయాలని చెయ్యి లాగుతుంది, వేస్తే ఒకటి రెండు తింటుంది కూడా, కానీ మిగిలినది తెల్లవారేలోపు తీసేయాలి. ఫిల్టర్ మళ్లీ వేయడం మరిచిపోకూడదు, ఈ సంతోషంలో మరిచిపోయేది అదే.

ఇది మొదటి రాత్రే జరగదు. రోజూ అదే వేళకు, అదే మూలన వేస్తూ ఉంటే నాలుగో రోజుకో పదో రోజుకో జరుగుతుంది. ఈలోగా మనం చేయకూడని పనులే ఎక్కువ. బతికుందో లేదో అని పైపు ఎత్తి చూడటం, పిల్లలకు చూపించడానికి సెల్‌ఫోన్ టార్చి కొట్టడం, ఇసుక కెలకడం, మూడు రోజులకోసారి సామాన్లన్నీ తీసి కడిగి సర్దడం. ఒక్కోసారి ఎత్తి చూసినప్పుడల్లా లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. చూడకుండా ఉండలేకపోతే టార్చి మీద ఎర్ర గిఫ్ట్ కాగితం రెండు మడతలు చుట్టి, మసకగా, పక్కనుంచి చూడొచ్చు. తిన్నదా లేదా అన్నది కళ్లతో చూడాల్సిన పని కూడా లేదు, వేసిన చోట చిన్న పింగాణీ సాసర్ పెట్టి లెక్కపెట్టిన ఐదు ముక్కలు వేస్తే, పొద్దున్నే మిగిలినవి లెక్కేసుకోవచ్చు. ఒక్కదాన్నే ఉంచిన ట్యాంకులో ఈ లెక్క తప్పు పోదు.

ఎన్ని రోజులు ఆగాలి? చేప మనలా ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి తిండి ఖర్చు చేయదు, అందుకే పస్తును బాగా ఓర్చుకుంటుంది. మూరెడు పొడవుండి ఒళ్లు నిండుగా ఉన్న ఈల్ రెండు మూడు వారాలు ముట్టకపోయినా కంగారు లేదు. వేలెడు పిల్లకు అంత నిల్వ ఉండదు, వారం దాటితే ఆలోచించాలి. రోజుల కంటే ఒంటినే నమ్మాలి. తల వెనక ఒళ్లు సన్నబడి తల పెద్దదిగా కనపడుతున్నా, వెన్ను గట్టులా తేలి పొట్ట లోపలికి పోయినా, పగటిపూట పైకొచ్చి నోరు తెరుస్తున్నా, ఒంటి మీద ఎర్రటి కమిలిన మచ్చలో తెల్లటి దూదిలాంటి పొరో ఉన్నా అది అలక కాదు, జబ్బు. తింటూ కూడా సన్నబడుతుంటే కడుపులో పురుగులున్నాయనుకోవాలి, నది చేపలకు అది మామూలే. మందుల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. రాగి ఉన్న మందులు, మలకైట్ గ్రీన్, ఫార్మాలిన్ లాంటివి ఈ పొలుసు తక్కువ చేపలకు చాలా ఘాటు, సీసా మీద రాసిన మోతాదు గోల్డ్‌ఫిష్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. తినడం లేదన్న ఒక్క కారణానికి మందు పోయడం అన్నిటికంటే చెడ్డ సలహా, దురదృష్టవశాత్తూ అందరూ మొదట ఇచ్చేదీ అదే.

ఉప్పునీటి ట్యాంకు పెట్టి స్నోఫ్లేక్ మోరే పెంచేవాళ్లు సీమలో ఎక్కడో ఒకరిద్దరుంటారు, వాళ్ల కథ కొంచెం వేరు. మోరే మేతను పీల్చదు, పట్టుకుంటుంది. గొంతులో దానికి రెండో దవడల జత ఉందని, అవి ముందుకొచ్చి మేతను లోపలికి లాక్కుపోతాయని 2007లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు రీటా మెహతా, పీటర్ వెయిన్‌రైట్ చూపించారు. కాబట్టి దానికి పొడి మేత, సన్న ముక్కలు కాదు, పొడవాటి పట్టకారుతో పట్టి బతికున్నట్టు ఊపే పెంకు రొయ్య కావాలి. స్నోఫ్లేక్ పళ్లు మొద్దువి, పీతల పెంకు నలపడానికి చేసినవి. కొత్త చోట అది కొన్ని వారాలు ముట్టకపోవడం మామూలే. చేత్తో పెట్టొద్దు, దానికి చూపు తక్కువ, రొయ్య వాసన అంటిన వేలు కూడా దానికి రొయ్యే.

బొమ్మిడాయి దగ్గరికొస్తే, వానపాముకు అలవాటుపడ్డాక జీవితాంతం మట్టి తవ్వక్కర్లేదు. రెండు మూడు వారాలు నిలకడగా తిన్నాక, వానపామును ముక్కలు చేసి వాటి మధ్య కడిగిన రొయ్య తురుము కలిపి వేయాలి. అది కూడా లోపలికి పోతుంటే, అడుగుకు మునిగే గుళికల్ని వానపాము కడిగిన నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి ఒకటి రెండు కలపాలి. వాసన తెలిసినదైతే ఆకారం కొత్తదైనా పట్టించుకోదు. కొన్ని ఈల్స్ గుళికల దాకా వస్తాయి, కొన్ని చచ్చినా రావు, బలవంతం లేదు, ఫ్రోజెన్ మేతతోనే హాయిగా బతుకుతాయి. రోజూ పెట్టాల్సిన పని లేదు, రోజు విడిచి రోజు చాలు. టైరు గీతల రకం మూడడుగుల దాకా పెరగగలదు, ఫైర్ ఈల్ అంతకు తక్కువ కాదు, కాబట్టి మేత బాగా ఎక్కిందంటే రెండడుగుల ట్యాంకు ఎన్నాళ్లో ఆనదు.

తినడం మొదలుపెట్టిన ఈల్ ఇక పైపులో కూర్చోదు, రాత్రంతా అద్దాల వెంబడి తిరుగుతుంది, ఆ తిరుగుడులో మూత దాకా వస్తుంది. ఫిల్టర్ వైరు పోయే సందు, హీటరు దూర్చిన మూల, వేలు పట్టే జాగా ఉంటే అది పట్టేస్తుంది. పొద్దున్నే ట్యాంకు ఖాళీగా, ఫ్రిజ్ వెనక దుమ్ములో ఎండిన తాడులా ఒకటి. వైర్ల చుట్టూ ఫిల్టర్ స్పాంజి ముక్కలు కుక్కి, ఫ్యాన్ కోసం పెట్టిన జాలీ అంచుల్ని క్లిప్పులతో బిగించి, మొదటి వానపాము తిన్న రాత్రే ఆ పని చేసేయాలి.